అభ్యంతరాలు ఉన్నవాళ్ళు చెప్పుకోవచ్చు

"అభ్యంతరాలు ఉన్నవాళ్ళు ఇప్పుడు చెప్పుకోవచ్చు," అన్నాడు కమిషనరు పానకాలరావు.

మున్సిపల్ హాలు కిక్కిరిసి ఉంది. అది 1964. ఊళ్ళో ఎక్కడ ఏముండాలో నిబంధనలు తిరగరాస్తున్నారు. ఇళ్ళ వీధుల్లో ఇళ్ళే ఉండాలి. అంగళ్ళు బజారులో ఉండాలి. మిల్లులూ మండీలూ ఉరవకొండ రోడ్డుకు పోవాలి. పానకాలరావు బెజవాడ నుంచి బదిలీ మీద వచ్చి వారమైంది. ఊరి పటం కంఠతా వచ్చింది గానీ, ఊరి మనుషులు ఇంకా తెలియరు.

ముందు లేచింది గోవిందప్ప. కోటవీధిలోని వేరుశనగ మిల్లు అతనిదే.

"నా మిల్లు కదలదు సారూ. ఈ సీమలో వాన పడేదే ఎప్పుడో ఒక ఏడు. ఆ ఏడు కాయలు వచ్చినప్పుడు రేయీ పగలూ ఆడిస్తేనే మిల్లు. ఉరవకొండ రోడ్డులో ఇంజను చల్లబడేదానికి నీళ్ళు యాడుండాయి? అయినా మా వీధిలో వద్దనేవాళ్ళు ఎవురుండారు? ఒక్కరిని చూపించండి."

"నేనుండా."

ఆడవాళ్ళ బెంచీ మీంచి నారాయణమ్మ లేచి నిలబడింది. నలభై ఏళ్ళ మనిషి. కొంగు బిగించి నడుముకు దోపుకుంది.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"సార్, ఒక్క మాట..." అంటూ హెడ్ క్లర్కు ముత్యాలప్ప కమిషనరు చెవి దగ్గరికి వంగాడు.

"మధ్యలో రాకండి. ఒక ఆడమనిషి ధైర్యం చేసి లేచింది. ఆమెను చెప్పనివ్వండి," అని కసిరాడు పానకాలరావు. ముత్యాలప్ప పెదాలు బిగించుకుని వెనక్కి జరిగాడు.

"మిల్లు గోడకు ఆనుకొనే మా వంటిల్లు సారూ. ఇంజను మొదలుపెడితే అటక మీద చెంబులు చిందులేస్తాయి. అన్నం మీద మూత తీస్తే పొట్టు. పరుపు దులిపితే పొట్టు. ఈ వీధికి కాపురానికి వచ్చినప్పట్నుంచీ చెప్తాండా. ఈ మనిషి చెవిన పెడితే కదా!"

"ఆయమ్మ పొయ్యి మండేది ఎవరి పొట్టుతోనో అడగండి సారూ," అన్నాడు గోవిందప్ప. "పోపులోకి నూనె యాడ్నుంచి వస్తాదో అదీ అడగండి!"

"ఓహో! అవి ఊరికే ఇచ్చి ఆమె నోరు మూయిస్తున్నావన్నమాట."

"ఆయమ్మ నోరు మూయించే మగోడు ఇంకా పుట్టలేదు సారూ."

హాలు గొల్లుమంది. పానకాలరావు బల్ల మీద చరిచాడు. అబలను చూసి నవ్వే ఊరిని చూడడం అతనికి ఇదే మొదటిసారి.

"పెద్దమనుషులతో చెప్పించారా అమ్మా?"

"మా నాయన లేపాక్షి నుంచి వచ్చి చెప్పినాడు సారూ. ఈ మనిషి ఆయనకు కాఫీ తాపి, బస్సెక్కించి పంపించినాడు."

"మరి మీ ఆయన?"

నారాయణమ్మ మూతి తిప్పింది. "ఈడనే ఉండాడు. నా పక్క మాట్లాడేదానికి ఆయనకు నోరు రాదు."

పానకాలరావు మగవాళ్ళ బెంచీల వైపు చూశాడు. మూలన కోటవీధి మనిషే, బక్కపల్చటి బయ్యన్న, టవలు నోట్లో కుక్కుకుని, తల మోకాళ్ళ దాకా దించేశాడు. భుజాలు అదురుతున్నాయి. ఇతనే అయ్యుంటాడు, సిగ్గుతో కుమిలిపోతున్నాడు పాపం, అనుకున్నాడు కమిషనరు. పెళ్ళాన్ని ముందుకు తోసి తాను మూలన దాక్కున్నవాడి మీద జాలి కన్నా కోపమే ఎక్కువ వచ్చింది.

"చెంబులూ పొట్టూ పోనీ సారూ," అంది నారాయణమ్మ. ఆమె గొంతు మారింది. "నా చిన్నబిడ్డకు దగ్గు. మిల్లు ఆడినన్ని దినాలూ తగ్గదు. రాత్రిళ్ళు దాని వీపు నిమురుతా కూచుంటా. అంత చిన్న ప్రాణం, ఎగిరెగిరి దగ్గుతాది. ఆ ఇంజను మోతలో ఈ మనిషికి అది ఇనపడదు."

నవ్వులు ఆగిపోయాయి. బయ్యన్న కూడా టవలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

గోవిందప్ప భుజం మీది కండువాను పిడికిట్లో నలిపాడు.

"దగ్గు నాకూ ఇనపడతాది," అన్నాడు చివరికి, నేల చూస్తూ.

"వినపడీ ఆపలేదా?" పానకాలరావు కుర్చీలోంచి లేచేశాడు. "నువ్వు మనిషివేనా? పక్కింటి పసిబిడ్డ ఊపిరాడక ఏడుస్తుంటే హాయిగా కాయలు ఆడిస్తావా? రాసుకోండి ముత్యాలప్పా! కోటవీధి ఇళ్ళ ప్రాంతమే. మిల్లు ఉరవకొండ రోడ్డుకు పోవాల్సిందే. నీళ్ళ సంగతి మున్సిపాలిటీ చూస్తుంది."

"సార్, ఆ ఒక్క మాట..."

"ఇంకా అయిపోలేదు, రాయండి! ఇలాంటి మొరటువాణ్ణి నమ్మలేం. ఇంటికెళ్ళి ఆమెను బెదిరించినా బెదిరిస్తాడు. మిల్లు పూర్తిగా కదిలేదాకా ఈ గోవిందప్ప ఈమె గడప తొక్కకూడదు. తొక్కాడని తెలిస్తే పోలీసులకు అప్పజెప్తాను."

ముత్యాలప్ప కలం గాల్లోనే ఆగింది. నారాయణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోవిందప్ప ఆమె వైపు ఒకసారి, కమిషనరు వైపు ఒకసారి చూసి, రెండు చేతులూ జోడించాడు.

"మిల్లు తీసేస్తా గానీ సారూ, పెండ్లాం గడప తొక్కొద్దంటే ఈ పొద్దు నేను బువ్వ యాడ తినాల?"