ఏడు రోజుల గడువు

"సారూ, గా ఏడు రోజుల రూలు తీసేయుండ్రి."

గడప బయటే నిలబడి అడిగాడు ఆ మనిషి. యాభై ఏళ్లుంటాయి. మోకాళ్ల పైకి కట్టిన పంచె. కాళ్లకు చెప్పుల్లేవు.

మధుసూదన్‌రావు చదువుతున్న కార్డు కింద పెట్టాడు.

మంథనిలో ఆయన లెక్కల మాస్టారు. రెండు జిల్లాల్లోని నలభై మందితో పోస్టుకార్డుల మీద చదరంగం ఆడిస్తున్నాడు. ఎవరి ఎత్తు వాళ్లు కార్డు మీద రాసి ఆయనకు పంపాలి. ఆయన దాన్ని ఎదుటి ఆటగాడికి పంపిస్తాడు.

ఆ వేసవిలోనే రూలు మార్చాడు. తను పంపిన ఏడు రోజుల్లో జవాబు కార్డు అందకపోతే ఆట ఓడినట్టే.

దూరపు ఊళ్లవాళ్లు తీరిగ్గా ఆలోచించి గెలుస్తున్నారని కరీంనగర్ ఆటగాళ్లు గొడవ పెట్టారు. ఇద్దరికీ సమానంగా ఉంటుందని గడువు పెట్టాడు. అప్పటి నుంచి ఆదిలాబాద్ వైపు నుంచి ఒకటే ఫిర్యాదులు. అన్నింటికీ ఆయన రాసే జవాబు ఒక్కటే: 'రూలు అందరికీ సమానం.'

మనిషే వచ్చి అడగడం మాత్రం ఇదే మొదలు.

"నీ పేరేంది?"

"బక్కయ్య, సారు. బోథ్ అవతల మా ఊరు. మూడు బస్సులు మారి వచ్చిన."

మధుసూదన్‌రావు ఆటగాళ్ల జాబితా చూశాడు. ఆ పేరు లేదు.

"నువ్వు ఆడుతున్నవా?"

"లేదు సారు. నాకు ఆట రాదు."

"మరి నీకెందుకయ్యా?"

"మా దిక్కు పెద్ద వాగున్నది. వానకాలం అది ఎప్పుడు దిగుతదో ఎవలకు ఎరుక? వానలు పొయ్యేదాక పదిహేను రోజులు జేయుండ్రి."

"అహరోను పంపిండా నిన్ను?"

అహరోను వాగవతలి పల్లెలో టీచరు. అందరికంటే ఎక్కువ ఫిర్యాదులు రాసింది ఆయనే.

"ఆ సారుకు నేను వచ్చినట్టే తెల్వదు."

"ఆట రానోడు చెప్తే రూలు మారుస్తరా? పో, పో."

"జర ఆలోచన జేయుండ్రి సారు."

మధుసూదన్‌రావు మళ్లీ కార్డు చేతిలోకి తీసుకున్నాడు.

ఆయన భార్య సరళాదేవి చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. బక్కయ్య తాగాడు. చెంబు కడిగి, అరుగు మీద బోర్లించి వెళ్లిపోయాడు.

వానలు మొదలయ్యాయి.

వాగవతల ఆడేవాళ్లు నలుగురు. వాళ్ల కార్డులు అయిదో రోజుకో, ఆరో రోజుకో వచ్చేస్తున్నాయి.

"సూసినవా? గడువు పెడితే అందరు దారికొచ్చిండ్రు" అన్నాడు మధుసూదన్‌రావు.

"పాపం, గా మనిషి గంత దూరం నుంచి వచ్చి అడిగిండు" అంది సరళాదేవి.

"పనిలేనోడు."

శ్రావణంలో ఒక వారం ఆ నాలుగు కార్డులూ తొమ్మిదో రోజు వచ్చాయి, ఒకేసారి.

మధుసూదన్‌రావు నలుగురి పేర్ల ఎదుట 'ఓటమి' అని రాశాడు. ఆ సంగతి వాళ్లకు తెలియజేశాడు.

మరో పది రోజులకు అహరోనే ఇంటికి వచ్చాడు.

"రండ్రి, కూసోండ్రి. కాని రూలు అందరికీ సమానం అహరోను సారూ."

"ఫిర్యాదుకు రాలే సారు. మేం ఓడినట్టే. ఇగ నలుగురం ఆడం. చెప్పి పోదామని వచ్చిన."

"ఒక్క ఓటమికేనా?"

అహరోను కూర్చోలేదు.

"బక్కయ్య మీ దగ్గరికి వచ్చిండట గద."

"వచ్చిండు. మీరు పంపలేదన్నడు."

"ఇక్కడికి వచ్చిన సంగతి మొన్న ఆయన భార్య బుచ్చవ్వ చెప్తెనే నాకు తెల్సింది. బక్కయ్య లేడు సారు. వాగుల కొట్టుకపోయిండు."

మధుసూదన్‌రావు కుర్చీలోంచి లేచాడు.

"ఎప్పుడు?"

"మా కార్డులు ఆలస్యమైన వారమే."

"వాగు నిండ పోతుంటె దిగుడేంది? ఎవలూ ఆపలేదా?"

"నేనే ఆపిన. రెండు దినాలు ఆగు, వాగు తగ్గుతది అన్న. 'రెండు దినాలు ఆగితే మీరు ఓడిపోతరు సారు' అన్నడు."

మధుసూదన్‌రావు బల్ల మీది జాబితా మూసేశాడు. సరళాదేవి వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

ఆనాడు అడగని మాట ఆయన ఇప్పుడు అడిగాడు.

"ఆయన ఏం పని చేసేటోడు?"

"పదహారేండ్ల సంది మా నాలుగూళ్ల తపాలా సంచి నెత్తిన పెట్టుకొని వాగు దాటిచ్చేది ఆయనే సారు, గా దినం గూడ, మల్ల రెండు దినాలకు దొరికిన సంచిని అవతలి ఒడ్డు మీదికి ఇసిరినంకనే కొట్టుకపోయిండు."