రెండో వరుస

ఫలితాల కాగితం చదివి మా కోడలు పెరటి గట్టు మీద చతికిలబడింది.

"మామయ్యగారూ, ఇక నా దుకాణం సర్దేసుకోవడమే!"

అశ్వగంధ రెండు వరుసలు వేశాం. మొదటిదానికి ఆమె ల్యాబ్‌లో పెంచిన మేలుచేసే బ్యాక్టీరియా నీళ్లు, రెండోదానికి వట్టి నీళ్లు. మొదటి వరుస వేళ్లలోనే మందు సారం పెరిగితే ఆమె ప్రయోగం నిలుస్తుంది, లేకపోతే ల్యాబ్‌వాళ్లు ఆపేస్తారు. తీరా చూస్తే రెండింటిలోనూ పోయినేటికి రెట్టింపు!

"బ్యాక్టీరియా చేసిందేముంది? ఈ ఏడు మీ మట్టి బాగుంది. అంతా మీ చేతి చలవ" అంది.

నలభై ఏళ్లుగా మొక్కలు పెంచుతున్నాను, ఆ మాట అన్నవాళ్లు లేరు. నా చేతిలో బ్రహ్మజెముడు కూడా బతకదని మా ఆవిడ ఊరంతా చెబుతుంది, అది వేరే కథ. కాసేపు ఆ పొగడ్తను చప్పరించాను గానీ గొంతు దిగలేదు.

"కోప్పడనంటే ఒక మాటమ్మా. మూడో రోజుకే రెండో వరుస మొక్కలు మొహాలు వేలాడేశాయి. ఇద్దరు పిల్లల్ని పెంచినవాణ్ణి, ఒకరికి పెట్టి ఇంకొకర్ని చూస్తూ కూర్చోమనడం నావల్ల కాలేదు. అప్పట్నుంచీ నీ బ్యాక్టీరియా నీళ్ల సీసా రెండు వరుసలకీ చెరిసగం పోశాను."

"ఎంత పని చేశారండీ!" అని విసురుగా లేచి, రెండడుగులు వేసి ఆగిపోయింది. "చెరిసగమా? అంటే, సగం మోతాదుకే ఇంత పెరిగిందా?"

ఈసారి వరుసలు మూడు వేసింది: ఒకదానికి నిండు మోతాదు, ఒకదానికి సగం, మూడోదానికి వట్టి నీళ్లు. సీసా మాత్రం మా ఆవిడ బీరువాలో పెట్టి తాళం వేయించింది.