రేవు రికార్డ్స్

"అయిపోనాదేటమ్మా?"

సుజన తలుపు తీసేసరికి ముసలాయన మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు. రికార్డింగు ఉన్న ప్రతి రోజూ ఇదే ప్రశ్న.

"ఇంకా కాలేదు తాతా. మీకేటి ఇబ్బంది?"

"ఇబ్బందేటి నేదు తల్లీ. అడిగేనంతే."

లుంగీ దులుపుకుని కిందికి దిగిపోయాడు.

"మన ర్యాప్ ఆయనకి పడదు. ఏదో రోజు పోలీసుల్ని పిలుస్తాడు" అన్నాడు లోపల్నుంచి నవదీప్.

కలకత్తా రేవు పక్క వాట్‌గంజ్‌లో ఆ మేడ మీద గదే వాళ్ల 'రేవు రికార్డ్స్'. ఇద్దరూ డాక్‌లో మూటలు మోసేవాళ్ల పిల్లలు. గోడల నిండా పాత పరుపులు బిగించి, ఇంట్లో మాట్లాడే శ్రీకాకుళం తెలుగులో మధ్యమధ్య బెంగాలీ కలిపి ర్యాప్ మొదలుపెట్టారు.

రెండో పాటకే పేరొచ్చింది. సంత్రాగాఛి లోకల్ రైళ్లలో కుర్రాళ్లు తలుపు దగ్గర నిలబడి పాడారు. తెలుగు చదవడం రాని పిల్లలు కూడా తెలుగులో పాట కట్టి, ఒక్కొక్కరే వచ్చి రేవులో చేరారు.

తలుపు తీస్తే సందంతా హోరు. మూస్తే నిశ్శబ్దం.

"ఇంత ఇరుకులో అంత శుభ్రమైన రికార్డింగు ఎలా?" అని అందరూ అడిగేవారు.

"పరుపుల మహిమ!" అనేవాడు నవదీప్.

ఒక పెద్ద మ్యూజిక్ కంపెనీ వాళ్లను కలుపుకుంది. సాల్ట్‌లేక్‌లో అద్దాల స్టూడియో ఇచ్చింది. సామాను దింపుతుంటే ముసలాయన ఎదురొచ్చాడు.

"ఇంక ఇక్కడ పాడరేటమ్మా?"

"పాడం తాతా. ఇంక మీకు హాయి."

ఆయన పెట్టె ఒక చివర పట్టుకుని లారీ దాకా సాయం వచ్చాడు.

అద్దాల గదుల్లో ఎవరి పాట వారిదయింది. పోస్టరు మీద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర మాట పెరిగింది. నవదీప్ ముంబై వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు తలో దారి పట్టారు. రేవు రికార్డ్స్ మూతపడింది.

రెండేళ్లకు సుజన ఒక్కతే పాత గదికి తిరిగొచ్చింది. పరుపులు అలాగే ఉన్నాయి. తలుపు మూసి, మైకు ముందు గొంతు విప్పింది.

ఠంగ్! ఠంగ్!

ఆగి, మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ అదే మోత.

విసుగ్గా దిగి వెనక సందులోకి వెళ్లింది. ట్రంకు పెట్టెల కార్ఖానా. నలుగురు రేకు కొడుతున్నారు.

"దాదా, ఇది కొత్తగా పెట్టారా?"

వాళ్లలో పెద్దవాడు పోలిరాజు తలెత్తాడు.

"కొత్తదేటి? మా అయ్య పెట్టింది. నాను పుట్టకముందుది."

"మరి అప్పట్లో మేం పాడుతుంటే ఈ చప్పుడు వినబడేది కాదే!"

పోలిరాజు ఆమెను పోల్చుకున్నాడు. చేతిలో సుత్తి కింద పెట్టాడు.

"ఎలాగ ఇనపడతాదమ్మా? అయ్య 'మన బాస మైకులో పలుకుతుంటే సుత్తి ఎత్తడానికి సెయ్యెలాగొస్తాదిరా' అనీవోడు. పోయినేడు కాలం సేసీనాడు."

సుజన తలెత్తి మేడ మీది గది వైపు చూసింది.

"మీ తలుపు మూసుకోగానే మా అందరి సేతా సుత్తులు దించీయించి, పాట అయిందో నేదో సూసి రాడానికి మెట్లెక్కి కూకునీవోడమ్మా మా అయ్య."