పాత పవర్ సప్లై

"ఆగక్కడ. చేతిలోది కింద పెట్టు."

పెద్దక్క అరుపుకి కంప్యూటర్ల దుకాణంలో ఉన్నవాళ్ళంతా తలతిప్పి చూశారు.

వెనకగదిలో బల్ల మీద ఆమె కొత్త కంప్యూటరు పక్క తలుపు తీసి ఉంది. దాని ముందు కూర్చున్న మెకానిక్, కొత్త పవర్ సప్లైని విప్పి పక్కన పెట్టాడు. దాని చోట రంగు వెలిసిన పాతదాన్నొకటి బిగిస్తున్నాడు.

కొత్తది తీసి పాతది పెట్టడం. మెకానిక్కులు ఇలా చేస్తారని ఆమె నలుగురి నోటా విన్నదే. సాయంత్రం రమ్మంటే ఆత్రం ఆగక పొద్దున్నే వచ్చింది కాబట్టి, ఇవాళ కళ్ళారా చూసింది.

"అమ్మా, ఇది..."

"ఇంకేం చెప్తావులే. మొన్ననే అనుకున్నాను నీ సంగతి."

మొన్న చెల్లెలితో కలిసి వచ్చి ఆమె ఈ కంప్యూటరు ఎంచుకుంది. అద్దాల పెట్టె, లోపల రంగురంగుల దీపాలు. పెట్టె కొంటే పవర్ సప్లై ఉచితం. యజమాని అటు తిరిగినప్పుడు ఈ మెకానిక్కే దగ్గరకొచ్చాడు.

"ఉచితంగా ఇచ్చేది వద్దమ్మా. మంచిది విడిగా తీసుకోండి. అన్నిటికీ కరెంటు పంచేది ఇదే. ఇది పోతే ఊరికే పోదు, మిగతావాటినీ వెంట తీసుకుపోతుంది."

"ఊరికే వచ్చేదాన్ని కాలదన్నుకోమంటావా? విడిగా కొంటే నీకేం ముడుతుందేంటి?" అంది పెద్దక్క.

చెల్లెలు మోచేత్తో పొడిచింది. "ఊరుకో అక్కా. మంచికే చెప్తున్నాడు."

"నీకు లోకమంతా మంచిదే."

అక్క మాటకి అతను చిన్నబుచ్చుకున్నాడేమోనని చెల్లెలే అతనికి విషయమంతా చెప్పింది. ఇరవై రోజుల్లో తన గొంతుకి ఆపరేషను. ఆ తర్వాత మాట ఉండదు. ఈలోగా తన మాటలన్నీ ఈ కంప్యూటర్లోకి చదివి దాచుకుంటే, రేపు తను టైపు చేసినదాన్ని అది తన గొంతుతోనే పలుకుతుందట.

"లేకపోతే మా అక్కతో పోట్లాడేదెవరు?" అని నవ్వింది.

మెకానిక్ నవ్వలేదు.

ఇవాళేమో ఈ పని.

యజమాని పరుగున వచ్చాడు. "ఏమైందమ్మా?"

"మీవాడు నా కొత్త సరుకు నొక్కేసి, పాత తుక్కు అంటగడుతున్నాడు."

"ఒక్కసారి రెండూ చేత్తో పట్టుకుని చూడండమ్మా," అన్నాడు మెకానిక్. "కొత్తది బెండుముక్కలా ఉంది, లోపల ఏమీ లేదు. ఈ పాతది నా..."

"నోర్ముయ్," అన్నాడు యజమాని. తన సరుకుని పదిమంది ముందు బెండుముక్క అన్నందుకు అతని మొహం కందగడ్డలా అయింది.

"ఇలాంటి దొంగని పెట్టుకుంటే మళ్ళీ మీ గడప తొక్కను," అంది పెద్దక్క.

యజమాని పాతదాన్ని ఊడబెరికి తుక్కుబుట్టలో పారేశాడు. కొత్తదాన్ని తనే బిగించాడు. మెకానిక్ స్క్రూడ్రైవరు తుడిచి బల్ల మీద పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

తుక్కుబుట్టలో చెయ్యి పెట్టి బరువు చూడాలని పెద్దక్కకి తోచలేదు.

ఆపరేషను దాకా చెల్లెలు రోజూ కంప్యూటరు ముందు కూర్చుని చదివింది. "అక్కా" అన్న పిలుపే నాలుగు రకాలు చెప్పింది. కోపానికొకటి, గారానికొకటి, ఆకలికొకటి, ఏ పనీ లేకుండా ఊరికే పిలవడానికొకటి.

ఆపరేషను బాగానే జరిగింది.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే చెల్లెలు కుర్చీ లాక్కుని స్విచ్చి వేసింది. రంగుల దీపాలు ఒక్కసారి వెలిగాయి. టప్పుమంది. గదంతా కాలిన వాసన.

వేరే దుకాణంలో విప్పి చూసినతను పెదవి విరిచాడు.

"పైన పటారం, లోన లొటారం. మీద రాసినదాంట్లో సగం సత్తువ కూడా లేదమ్మా దీనికి. పోతూపోతూ డిస్కుని కూడా కాల్చేసింది. అందులోవి ఇంకెక్కడైనా దాచారా?"

ఎక్కడా దాచలేదు. దాచుకోవాలని కూడా వాళ్ళకి తెలీదు.

చెల్లెలు పలక మీద రాసింది. 'పోనీలే అక్కా.'

తిట్టినా బాగుండేది. పెద్దక్కకి ఆ రోజు ముద్ద దిగలేదు. ఆ మరునాడూ దిగలేదు. ఎవరూ లేనప్పుడు కాలిపోయిన ఆ పవర్ సప్లై పెట్టెని చేత్తో పట్టుకుని చూసింది. నిజంగానే బెండుముక్క.

చివరికి పాత దుకాణానికే వెళ్ళి మెకానిక్ ఇల్లెక్కడని అడిగింది.

"మీరేగా తల్లీ పొమ్మన్నది," అంటూనే యజమాని గుర్తులు చెప్పాడు.

తలుపు తీసింది అతని భార్య. జాకెట్టు మీద గుచ్చిన సూది, భుజం మీద దారపు పోగులు.

"ఆయన లేరండీ. పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్ళారు. దొంగ అన్న పేరు పడ్డాక ఇక్కడ ఏ షాపువాళ్ళు రానిస్తారు? ఆ మాట ఎవరన్నారో, ఎందుకన్నారో నాకైనా చెప్పలేదు. ఇంతకీ మీరెవరు?"

ఆ మాటన్నది తనేనని చెప్పుకోవడానికే పెద్దక్క వచ్చింది.

"కంప్యూటరు... బాగుచేయిద్దామని."

"అయ్యో, మాదే నెలన్నర నుంచి మూలపడి ఉందండీ. నా కుట్టుపని డిజైన్లన్నీ ఇందులోనే చిక్కుకున్నాయి."

బల్ల మీద వాళ్ళ కంప్యూటరుంది. పక్క తలుపు తీసే ఉంది. లోపల ఓ మూల, చిన్న పెట్టె పట్టేంత ఖాళీ.

"ఇక్కడుండాల్సింది ఏమైందమ్మా?" అని అడిగింది పెద్దక్క.

"ఎవరో ఆవిడ తన మాటలు దాచుకునే మిషనుకి ఉచితం సరుకు పెడుతున్నారట, మనమైతే మెల్లగా ఇంకోటి కొనుక్కోవచ్చు గానీ ఆవిడ మళ్ళీ మాట్లాడలేరు కదా అని, నేను వద్దంటున్నా వినకుండా ఆయనే విప్పి పట్టుకెళ్ళారండీ."