అత్తయ్యగారి చేతి చారు

పుట్టగానే అందరి నాలుకకీ రుచిబిళ్ళ అంటించే కాలం కాబట్టి, తిన్న ప్రతి ముద్ద రుచీ ఎక్కడో నమోదై భద్రంగా ఉంటుంది. ఆదివారం అత్తగారు, పిల్లలతో కలిసి అందరం సైన్స్ సెంటర్‌కి వెళితే, పాత రుచుల్ని మళ్ళీ వండి గ్లాసులో పోసిచ్చే యంత్రం కనబడింది. పద్దెనిమిదేళ్ళుగా "మా అమ్మ చారులా లేదు" అంటున్న మా వారిని ముందుకు తోశాను.

"మీ ఏడో ఏట అత్తయ్యగారు పెట్టిన చారు అడగండి."

ఆయన భక్తిగా కళ్ళు మూసుకుని గుక్క వేశారు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. మాడిన పోపు, రెండింతల ఉప్పు.

"యంత్రం పాడైనట్టుంది," అన్నారు.

పక్కనే ఉన్న అత్తగారు గ్లాసు అందుకుని చప్పరించారు. "లేదురా, నాదే. అప్పటికి నాకు చారు పెట్టడం రాదు. నువ్వేమో బడి నుంచి ఆకలితో నకనకలాడుతూ వచ్చేవాడివి."

యంత్రం కొలతల చీటీ కూడా ఇచ్చింది, పోపు ఎన్ని నిమిషాలు మాడ్చాలో సహా. మడిచి పర్సులో పెట్టుకున్నాను.

ఇవాళ్టికి పదిహేడో రోజు. అత్తగారికీ పిల్లలకీ నా చారు, ఆయనకి విడిగా ఆ చారు.

"ఒక్కపూట నీది పొయ్యకూడదూ?" అని తలెత్తకుండా అడిగారు.

"అత్తయ్యగారి చెయ్యెక్కడ, నా చెయ్యెక్కడండీ," అంటూ ఇంకో గరిటె వేశాను.