రెక్క ఈకలు

ఉదయం ఆరుంబావుకు గోరువంక వేపకొమ్మ మీద కూర్చుని ముక్కు తుడుచుకుంటోంది. ఏటి అవతలి ఒడ్డు నుంచి చుట్టపుచూపుగా వచ్చింది. కింద కాకుల తీర్పు నడుస్తోంది. చింపిరి అనే కాకి పొరుగు గూట్లోంచి రెండు పుల్లలు దొంగిలించాడు.

"రెక్కల ఈకలు పీకెయ్యండి," అన్నాడు కాకుల పెద్ద గూరప్ప.

"పెద్దయ్యా, నా గూట్లో గుడ్లు పగిలి పిల్లలయ్యే వేళయింది. ఎగరలేకపోతే పిల్లలకు తిండెలా తెచ్చేది?" అన్నాడు చింపిరి.

"పుల్ల ముట్టుకునేటప్పుడు గుర్తురాలేదా గుడ్లు?"

గోరువంక ఉండబట్టలేకపోయింది. "మా ఒడ్డున దొంగ చేత వాడు దోచిన గూడే బాగు చేయిస్తారు."

"అదేం శిక్షమ్మాయ్? కూలిపని!" అన్నాడు గూరప్ప. కాకులన్నీ నవ్వాయి. నవ్వుతూనే పీకాయి.

చింపిరి అరిచాడు. అతను నేలమీద గెంతుకుంటూ తన చెట్టు మొదట్లోకి వెళ్లి, పైనున్న గూటిని చూస్తూ నిలబడిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత, ఇంటికి బయల్దేరుతూ గోరువంక తీర్పు జరిగిన చోటు మీదుగా ఎగిరింది. అక్కడ ఒక్క ఈకా లేదు. అన్నీ గూరప్ప గూట్లో, అతని పిల్లల కింద మెత్తగా పరిచి ఉన్నాయి.