బోరు నీళ్ళ మచ్చలు

"మళ్ళీ వచ్చాయి!"

జగ్గయ్యపేట బస్టాండులో కుళాయి కట్టేసి, వాచీ వంక చూసి భార్గవ పళ్ళు నూరాడు.

స్టీలు చైను నిండా తెల్లటి మచ్చలు. పొద్దుటి నుంచి నిమ్మచెక్కతో మూడుసార్లు రుద్దాడు. రుద్దితే పోతున్నాయి. కడిగి ఆరబెడితే మళ్ళీ ప్రత్యక్షం. తల ప్రాణం తోకకొచ్చింది.

వాచీ తనదైతే ఇంత గోల లేదు. భార్య ఆమని, ఆమె టెన్త్ బ్యాచ్ వాళ్ళూ కలిసి మోజెస్ గారి రిటైర్మెంటుకి కొన్న ఖరీదైన కానుక అది. పదకొండింటికి నందిగామలో సన్మానం. ఏర్పాట్లు చూడ్డానికి ఆమని నిన్ననే పుట్టింటికి వెళ్ళింది. వాచీ తెచ్చే ఒక్క పని మొగుడికి అప్పగించింది.

ఆ ఒక్కటీ సరిగ్గా చేస్తే మొగుడెలా అవుతాడు? ఎవరిదో గృహప్రవేశానికి దర్జాగా పెట్టుకెళ్ళాడు. తిరిగొచ్చి, చెమట అంటిందని చైను బోరు నీళ్ళతో కడిగి కిటికీలో పెట్టాడు.

ఫోన్ మోగింది.

"బయల్దేరారా?"

"బస్టాండులోనే ఉన్నా."

"వాచీ జాగ్రత్త. ఏమన్నా అయిందంటే మా వాళ్ళ ముందు తలెత్తుకోలేను."

"నీ మోజెస్ గారికి భద్రంగా అందిస్తాలే. పెట్టెయ్."

మోజెస్ గారంటే హెడ్మాస్టరే అయ్యుంటాడనుకున్నాడు. అడిగే తీరిక ఎప్పుడూ దొరకలేదు.

ఫోన్ జేబులో పెట్టేసరికి, పక్కన ఎవరో పెద్దాయన చైను వంకే చూస్తున్నాడు. తెల్లచొక్కా, భుజాన తువ్వాలు.

"ఏ నీళ్ళతో కడిగారు బాబూ?"

"నీళ్ళతోనే. పన్నీరుతో కాదు."

"బోరు నీళ్ళేగా? అందులో సున్నం ఉంటదండి. మచ్చ పోగొట్టి, మళ్ళీ ఆ మచ్చతోనే కడుగుతున్నారు."

"మీ పని మీరు చూసుకోండి!"

పెద్దాయన కొట్టుకెళ్ళి మంచినీళ్ళ సీసా కొనుక్కొచ్చాడు.

"ఇటివ్వండి. డయలు తడవనీయకూడదు."

వాచీనీ, చేతిలోని నిమ్మచెక్కనీ విసుగ్గానే ఇచ్చాడు భార్గవ. ఆయన చైను మీద నిమ్మచెక్క మెల్లగా తిప్పి, కాసేపు ఆగి, సీసా నీళ్ళతో కడిగాడు. తడి ఆరేలోపే మెత్తటి చేతిరుమాలుతో సందుసందునా అద్దాడు.

చైను తళతళలాడింది. ఒక్క మచ్చ లేదు.

ఇంతలో బస్సొచ్చింది. పెళ్ళిళ్ళ రోజులు, జనం విరగబడ్డారు. పెద్దాయన కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టాడు.

"మీరు కూర్చోండి బాబూ. అర్జెంటులో ఉన్నట్టున్నారు. నాదేముంది, తర్వాత దానికొస్తా."

కాలు పెట్టే సందు లేదని కండక్టరు ఈల వేశాడు. భార్గవ తువ్వాలు కిటికీలోంచి ఆయన చేతిలో పడేసి సర్దుకు కూర్చున్నాడు. థాంక్స్ చెప్పాలన్న సంగతే తట్టలేదు.

నందిగామ బడి ఆవరణలో పదకొండయింది. పదకొండున్నరయింది. పన్నెండు కావస్తోంది. మోజెస్ గారి జాడ లేదు.

"టైం తెలియని మనిషికి వాచీ ఒకటి!" అన్నాడు భార్గవ. "వేలు పోసి కొన్నారు."

ఆమని మొహం ఎర్రబడింది. "నోరు ముయ్యండి. ఆయన ఒక్క రోజన్నా లేటవడం మేమెవరం చూళ్ళేదు. ఏమైందో ఏమోనని మేం చస్తుంటే..."

గేటు దగ్గర చప్పట్లు మొదలయ్యాయి. వచ్చిన యాభైమందీ లేచి నిలబడ్డారు.

చెమటతో తడిసిన తెల్లచొక్కాలో, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, బస్టాండు పెద్దాయన లోపలికి వచ్చాడు.

"ఏమనుకోవద్దమ్మా, బస్సు దొరకలేదు" అంటూ అందరికీ దండం పెట్టాడు. భార్గవని చూసి, కొత్త మనిషిని చూసినట్టే నవ్వాడు.

భార్గవకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఆమని మైకు అందుకుంది: "మన ల్యాబులో గాజు సామాను కడిగి, ముప్పై ఏళ్ళు ఒక్క నిమిషం తప్పకుండా బడి గంట కొట్టిన మన అటెండరు, మోజెస్ గారు!"